కాగితాలు మార్చే మనిషి

"మా ఆవిడ గడ్డికి ఇస్త్రీ చేస్తుందండీ" అంటారు మావారు, ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా. అని, వాళ్ళు నవ్వేదాకా ఆగుతారు. నవ్వకపోతే ఇంకోసారి, కొంచెం గట్టిగా చెప్తారు. ఆ గురువారం పొద్దున గ్యాస్ బండ మార్చడానికి వచ్చినతనికి కూడా చెప్పారు. నేనప్పుడు ఆయన చొక్కాకే ఇస్త్రీ చేస్తున్నాను. కాలరు అయిపోయింది, చేతులు మిగిలాయి. అతను భుజం మీది బండ దించకుండానే నా వైపు తిరిగి, "గడ్డికా అమ్మా? ఎందుకు?" అని నిజంగానే అడిగాడు. చెబుదామని నోరు తెరిచేలోపు లోపలి నుంచి మా అత్తయ్య, "ఎండిపోయిన ఆకులకి కుట్లు కూడా వేస్తుంది నాయనా మా కోడలు. బతికున్న మనుషుల గుండీ ఊడితే మాత్రం వారం పడుతుంది" అంది. ఇద్దరూ నవ్వారు. బండ తెచ్చినతను నవ్వలేదు. పాపం, అతనికి బరువుగా ఉంది.

ఆ మాటలో పెద్ద అబద్ధమేమీ లేదు. అదే దాని బలం. నేను పనిచేసేది ఒక పాత కాలేజీలో, ఎండుమొక్కల గదిలో. గోడ పొడవునా ఇనప బీరువాలు, తలుపు తీస్తే కలరా ఉండల వాసన. బీరువాల్లో వేల కొద్దీ అట్టలు, ఒక్కో అట్ట మీద ఒక్కో ఎండిన మొక్క. దాన్ని షీటు అంటాం. ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది, పేరేమిటి, ఆ పేరు గుర్తుపట్టిందెవరు అని ఓ మూల చీటీ ఉంటుంది. పచ్చి మొక్కని కాగితాల మధ్య పరిచి, చెక్క చట్రంలో పెట్టి, బెల్టులు బిగించి ఆరబెట్టడం నా పని. ఆరాక అట్టకి అంటించడం, కాడ లావుగా ఉంటే దారంతో కుట్టడం, రాలిన కాయల్నీ గింజల్నీ చిన్న పొట్లంలో మడిచి షీటు మూలన అతికించడం కూడా నా పనే. చివర్లో, చీటీ మీద పెద్ద సార్ సంతకం పెట్టాక దాన్ని అంటించడం. కాలేజీలో నన్ను జిగురమ్మ అంటారు. జీతాల కాగితంలో అటెండరు అని ఉంటుంది.

పద్దెనిమిదేళ్ళ కిందట ఆ ఉద్యోగానికి వెళ్ళినప్పుడు నా దగ్గరున్న చదువు తొమ్మిదో తరగతి. పెద్ద సార్ సర్టిఫికెట్టు చూడలేదు. "కుట్టడం వచ్చా?" అన్నారు. పెళ్ళికి ముందు మా అమ్మతో కూర్చుని వీధి వీధంతటికీ రవికలు కుట్టినదాన్ని. వచ్చన్నాను. ఒక ఎండు కొమ్మా, సూదీ ఇచ్చారు. కాడ విరగకుండా, ముడి వెనక్కి పడేలా ఆరు కుట్లు వేసి ఇచ్చాను. ఆయన షీటు తిప్పి ముడి చూసుకుని, "రేపట్నుంచి రా అమ్మా" అన్నారు. ఆ రోజు ఇంటికి నడిచి వచ్చిన నడక నాకింకా కాళ్ళలో ఉంది.

మొక్కని కుట్టేవాళ్ళకి తెలిసినంతగా మొక్క సంగతి ఇంకెవరికీ తెలీదని నా నమ్మకం. సార్లు పుస్తకం చూసి మొక్కని చూస్తారు. నేను ముందు మొక్కని పట్టుకుంటాను. ఏ కాడ డొల్లో, ఏది లోపల గట్టిగా ఉందో సూది చెప్తుంది. ఏ ఆకు ఎంత నీరు దాచుకుందో కాగితం తడి చెప్తుంది. పేర్లు తర్వాత నేర్చుకున్నాను. చీటీలు అంటిస్తూ అంటిస్తూ, ఎవరూ నేర్పకుండా.

ఆ గురువారమే, నేను డ్యూటీకి వెళ్ళిన గంటకి, మున్సిపల్ ఆఫీసు నుంచి ఇంజనీరు వచ్చాడు. బస్సుల గ్యారేజీ వెనక పెద్ద చిత్తడి నేల ఉంది. నేను రోజూ దాని గట్టు మీదుగానే నడిచి వస్తాను. దాన్ని మట్టితో నింపి, బళ్ళు నిలుపుకునే చోటు చేస్తారట. ముందు మందు కొట్టి మొక్కలన్నీ చంపేస్తారట. అయితే ఒక రూలు ఉంది. అక్కడ ఈ నేలకి పుట్టిన నీటి మొక్కలు అరుదైనవి ఉంటే నింపకూడదు. బయటి నుంచి వచ్చిపడ్డ కలుపే ఉంటే ఏమైనా చేసుకోవచ్చు.

"మీ రికార్డులో ఉన్నదే రాసివ్వండి సార్, చాలు. సోమవారం పొద్దున వచ్చి పట్టుకెళ్తాను" అన్నాడు ఇంజనీరు. "ఆ బురదలో ఏముంటుందండీ, దోమలు తప్ప."

పెద్ద సార్ నవ్వి, "దోమలు మా శాఖ కాదు" అన్నారు. తర్వాత నా వైపు చూసి, "అమ్మా, ఆ చిత్తడిలో చుక్కకూర జాతిది ఒకటి పట్టుకొచ్చాం, పదేళ్ళు దాటుంటుంది. ఆ షీటు తీయి" అన్నారు.

తీశాను. పదకొండేళ్ళు. బల్ల మీద పరిచాను. చీటీ మీద సార్ రాత: ముడతాకు, విదేశీ కలుపు. ఎక్కడో సముద్రాల అవతల నుంచి ధాన్యంలో కలిసి వచ్చి ప్రపంచమంతా పాకిన మొక్క అది. ఆకు అంచులు కుచ్చిళ్ళు పెట్టినట్టు ముడతలు ముడతలుగా ఉంటాయి. అందుకే ఆ పేరు. షీటు మీది ఆకులూ అలాగే ఉన్నాయి, అంచంతా నలిగి. ఇంజనీరు తొంగి చూసి, "అదిగో, నాకే తెలుస్తోంది" అన్నాడు. సార్ తల ఊపారు. వాళ్ళిద్దరూ టీ తాగడానికి వెళ్ళారు.

నేను అక్కడే నిలబడిపోయాను. ఆ ముడతల్ని నేను గుర్తుపట్టాను. ఎలా గుర్తుపట్టకుండా ఉంటాను, అవి నావి.

పదకొండేళ్ళ కిందట, ఇప్పుడు హాస్టల్లో ఉన్న మా అమ్మాయి ఒకటో క్లాసులో ఉన్నప్పుడు, ఈ మొక్కని చట్రంలో పెట్టిన మర్నాడే మా ఆడపడుచు అత్తవారివైపు చుట్టాలు పద్నాలుగు మంది దిగారు. నీటి మొక్క అంటే ఒంటినిండా నీళ్ళు. కాగితాలు రోజూ మార్చాలి. తడి కాగితం తీసి పొడిది వెయ్యాలి, ఆకు వంకర తిరిగితే వేలితో సరిచేసి మళ్ళీ బిగించాలి. ఒక్క రోజు మానేస్తే ఆకు తన నీళ్ళలో తనే ఉడికి ముడుచుకుపోతుంది. ఆ సంగతి మావారికి చెప్పాను. రెండు రోజులు సెలవు పెట్టలేను, మధ్యలో ఒక్క గంటైనా వెళ్ళొస్తానన్నాను. ఆయన చుట్టాల ముందే, "గడ్డి ఎక్కడికీ పారిపోదులేవే" అన్నారు. అత్తయ్య, "పద్నాలుగు మందికి నేను వండాలా ఈ మోకాళ్ళతో?" అంది. రెండు రోజులూ వండాను. ఎవరికి ఏది ఇష్టమో, ఎవరికి ఏది పడదో ఇప్పటికీ చెప్పగలను. వాళ్ళకి నా మొహం గుర్తుండదు.

మూడో రోజు వెళ్ళి బెల్టులు విప్పితే కాగితాలు మెత్తగా, వాసనేస్తూ. ఆకులు ముడతలు. కాయలు చాలావరకు రాలిపోయి కాగితానికి అంటుకుని ఉన్నాయి. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. గబగబా కుట్టేసి, రాలినవన్నీ పొట్లంలో మడిచి, షీటు బల్ల మీద పెట్టేశాను. సార్ ఆ రోజు ఏదో మీటింగుకి వెళ్ళే తొందరలో ఉన్నారు. ఆకు చూశారు, ముడతాకు అని రాశారు, సంతకం పెట్టారు. నేను అంటించాను. నా తప్పు మీద ఆయన సంతకం, ఆయన సంతకం కింద నా జిగురు. అమ్మయ్య అనుకున్నాను. పదకొండేళ్ళపాటు అమ్మయ్య అనే అనుకున్నాను.

ఇప్పుడు ఆ అమ్మయ్య మొత్తం చిత్తడి నేలని చంపబోతోంది.

సార్ తిరిగొచ్చేలోపు షీటు మూలనున్న పొట్లం విప్పాను. నేను మడిచిన మడతే, ఎవరూ ముట్టుకోలేదు. భూతద్దం కింద కాయల్ని తెల్ల కాగితం మీద పోశాను. చుక్కకూర జాతిలో కాయ చుట్టూ మూడు రెక్కలుంటాయి. కొన్ని మొక్కల్లో ఆ రెక్క వీపున బొడిపె ఉంటుంది, బియ్యపు నూక అంటించినట్టు. ముడతాకులో ఒక బొడిపె లావుగా ఉంటుంది, మిగతా రెండూ ఉండీ లేనట్టుంటాయి. ముడతాకులో తొడిమ కూడా పొట్టిగానే ఉంటుంది. కాయంత పొడవు, లేదా ఇంకాస్త. నా పొట్లంలోని కాయకి మూడు రెక్కలకీ మూడు బొడిపెలు, మూడూ సమానంగా, అక్కచెల్లెళ్ళలా. తొడిమ చూస్తే కాయకి నాలుగింతలు. తొడిమలో ఎక్కడో ఒక కీలు ఉంటుంది, కాయ అక్కడ తెగి రాలుతుంది. దీనికి కీలు అడుగున ఉంది కాబట్టి కాయ అంత పొడుగు తోకతోనూ రాలింది. పక్క బీరువాలోంచి అసలైన ముడతాకు షీటు తెచ్చి పక్కన పెట్టాను. ఒకటికి నాలుగుసార్లు చూశాను. ఇది ముడతాకు కాదు. ఈ నేలకి పుట్టినదే, నీళ్ళలో నిలబడి పెరిగే నీటిచుక్క. ఈ ఊరి చుట్టుపక్కల ఎప్పుడో కనబడకుండా పోయిందని పుస్తకంలో రాసుంది. పోలేదు. రోజూ నేను దాని పక్క నుంచే అన్నం డబ్బా ఊపుకుంటూ నడిచి వస్తున్నాను.

సార్ వచ్చాక చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. అది ఆయనకి కోపం వచ్చిన గుర్తు.

"పదకొండేళ్ళ కింద నేను గుర్తుపట్టిన మొక్క. ఆకు ముడత కనబడటంలేదా నీకు?"

"కనబడుతోంది సార్. ఆ ముడత మొక్కది కాదు, నాది" అన్నాను.

చెప్పేశాను. చుట్టాలు, సెలవు, తడి కాగితాలు, అన్నీ. పద్దెనిమిదేళ్ళలో ఆయన ముందు అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. వింటూ ఆయన కాయల్ని భూతద్దంతో చూశారు. చాలాసేపు చూశారు. చెవులు ఎర్రబడ్డాయి.

"కాయలు అలాగే ఉన్నాయి, సరే" అన్నారు చివరికి. "కానీ పొట్లంలో కాయలు వేరే మొక్కవి కలిశాయంటే? కాగితాలు మార్చలేదని నువ్వు ఒట్టి నోటిమాట చెప్తే ఆ ఆఫీసువాళ్ళు వింటారా? వాళ్ళకి కావాల్సింది పార్కింగు. షీటుని షీటే కొట్టాలి. అదే మొక్క అదే చోటు నుంచి తెచ్చి, సరిగ్గా ఆరబెట్టి, ఆకు చదునుగా వస్తుందని చూపించాలి. సోమవారం పొద్దున్నకి. నాకా పరీక్షల డ్యూటీ, పైగా ఈ వయసులో బురదలోకి..." అని ఆగారు.

"నేను దిగుతాను సార్."

"ఆదివారం కూడా మార్చాలి కాగితాలు. ఆదివారం ఎవరూ ఉండరు."

"తాళం ఇవ్వండి."

మధ్యాహ్నం వెళ్ళాను. చెప్పులు గట్టు మీద వదిలి, చీర మోకాళ్ళ పైకి దోపుకుని దిగాను. గ్యారేజీ గోడ మీద కూర్చున్న డ్రైవర్లు, "ఏం పోగొట్టుకున్నారమ్మా?" అని అరిచారు. "దొరికిందిలే బాబూ" అన్నాను. నీళ్ళలో నడుం ఎత్తున నిలబడి ఉంది, గుంపుగా. ఆకులు పొడుగ్గా, బల్లపరుపుగా, అంచున ఒక్క వంకర లేదు. కణుపు కణుపుకీ కాడ చుట్టూ ఉల్లిపొర లాంటి పల్చటి తొడుగు, అచ్చం రవిక చేతికి బిగించి కుట్టిన పట్టీలా. ఇది ఈ కుటుంబం మొక్కలన్నిటికీ ఉంటుంది. ముడతాకు కాండం ఒంటరిగా నిటారుగా లేస్తుంది, పూత దగ్గరకొచ్చాకే చీలుతుంది. దీనికి కింద ఆకుల చంకల్లోంచి కూడా చిన్న చిన్న రెమ్మలు వచ్చాయి. కాయలు చుట్లు చుట్లుగా, పొడుగు తొడిమలకి జుంకాల్లా కిందికి వేలాడుతున్నాయి. చేత్తో తడితే ఊగాయి. మోకాలి లోతు బురదలో నిలబడి నాకు నవ్వొచ్చింది. పుస్తకాలు రాసినవాళ్ళు పోయిందనుకున్నదాన్ని నేను నిలబెట్టి పలకరిస్తున్నాను. ఎవరు? గడ్డికి ఇస్త్రీ చేసే మనిషి.

ఒక్క మొక్కే తీశాను, గుంపు చెదరకుండా. చట్రంలో పరిచాను. ఒక ఆకు ముందు వైపు, ఒక ఆకు వెనక వైపు కనబడేలా, కాయలు వేలాడినవి వేలాడినట్టే. బెల్టు బిగించాను. ఆ రోజు నా చేతులు చూసి నాకే ముచ్చటేసింది.

శుక్రవారం మార్చాను. శనివారం పొద్దునా సాయంత్రం మార్చాను. శనివారం ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు ఏరుతోంది. అన్ని ఉల్లిపాయలు చూస్తేనే అర్థమైంది.

"రేపు మీ ఆడపడుచు తోడికోడలి వాళ్ళు వస్తున్నారమ్మా. పన్నెండు మంది. పెందరాళే లేవాలి."

మావారు టీవీ ముందు నుంచి, "ఆ తీపి కూడా చెయ్యి, పోయినసారి వాళ్ళు మెచ్చుకున్నారు" అన్నారు.

"రేపు నాకు కాలేజీలో పనుంది" అన్నాను.

టీవీ గొంతు తగ్గింది. "ఆదివారమా?"

"కాగితాలు మార్చాలి. ఒక్కపూట మారిస్తే చాలదు. దగ్గర కూర్చోవాలి, రేపటితో ఆకు సంగతి తేలిపోతుంది."

ఆయన నవ్వారు. కోపంతో కూడా కాదు, ప్రేమగానే. చిన్నపిల్ల బొమ్మ కోసం మారాం చేస్తే నవ్వినట్టు. "గడ్డి ఎక్కడికీ పారిపోదులేవే" అన్నారు.

అదే మాట. పదకొండేళ్ళలో ఒక్క అక్షరం కూడా మారలేదు. ఆయనకి అది గుర్తు కూడా లేదు, ఇప్పుడే కొత్తగా తోచినట్టు అన్నారు. ఆ రాత్రి గిన్నెలు కడుగుతూ నాకు ఇంకో సంగతి తట్టింది, అది తట్టాక గిన్నె చేతిలో అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ నేను మోసిన తప్పు గురించి. ఆ రెండు రోజులూ చుట్టాలకి వండాను సరే. ఆ రెండు రోజులూ పెద్ద సార్ ఎక్కడున్నారు? ఆ గదిలోనే. ఆ బల్ల దగ్గరే. చట్రం ఆయన మోచేతికి తగిలేంత దూరంలో. ఆయనకి రెండు చేతులున్నాయి. కాగితాలు మార్చాలని నాకు నేర్పిందే ఆయన. నేను రాలేదు కాబట్టి కాగితాలు మారలేదు, అంతే. నేను లేని ఇంట్లో అన్నం ఉడకనట్టు. ఆయన చెయ్యనిది తప్పు కాలేదు, నేను చెయ్యలేకపోయింది తప్పయింది. దాన్ని చీర కొంగులో కట్టుకుని పదకొండేళ్ళు తిరిగాను, దొంగసొత్తులా. ఒక్క మొక్క ఆరడానికి ఇద్దరు మనుషులు అక్కర్లేదు. కానీ ఒక్కరు రాకపోతే ఇంకొకరికి చేతులు రాని ఏర్పాటు ఏమిటిది?

ఆదివారం మామూలుకంటే ముందే లేచాను. ఉల్లిపాయలు తరిగాను, కూరలు కోసి పెట్టాను, బియ్యం కడిగి పెట్టాను. అది కూడా ఎందుకు చేశానంటే చెప్పలేను. పద్ధతి అంత తొందరగా వదలదు. తర్వాత చీర మార్చుకుని, తాళం తీసుకుని మావారిని లేపాను.

"పప్పు రెండో డబ్బాలో ఉంది. కారం పైఅరలో. గ్యాసు కొత్త బండే."

ఆయన ఒక కన్ను తెరిచారు. "నాకేం తెలుసే ఇవన్నీ? ఆ మిక్సీ ఎలా తిప్పుతారో..."

మావారు ఫ్యాన్లూ మిక్సీలూ అమ్మే షాపులో పెద్ద సేల్స్‌మన్. ఇరవై రెండేళ్ళ అనుభవం. "రోజుకి పది మందికి తిప్పి చూపిస్తారుగా" అన్నాను. "పదకొండోసారి ఇంట్లో తిప్పండి."

గుమ్మం దగ్గర అత్తయ్య అడ్డంగా నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. నన్ను పైనుంచి కిందికి చూసి, "ఆకు కోసం పోతావా మనుషుల్ని వదిలేసి?" అంది.

"ఒకసారి మనుషుల కోసం ఆకుని వదిలేశాను అత్తయ్యా. సాయంత్రం వస్తాను."

కాలేజీ ఖాళీగా ఉంది. కిటికీ తెరిచాను. బెల్టులు విప్పి కాగితం ఎత్తాను. ఆకు చదునుగా, ఈనెలన్నీ కనబడుతూ, ఎవరో దువ్వినట్టు పడుకుని ఉంది. తడి కాగితం తీసి, ఎండలో వేడెక్కిన పొడి కాగితం వేశాను. ఒక కొస పైకి లేవబోతే వేలి చివరతో అద్ది కూర్చోబెట్టాను. గంటకోసారి చూశాను. మధ్యలో ఫోను మోగింది. మావారు.

"ఉప్పెక్కడ చచ్చింది?"

"పొయ్యి పక్కనే, మీ ఎడం చేతి దగ్గర. ఇరవై రెండేళ్ళ నుంచీ అక్కడే ఉంది."

అరగంటకి మళ్ళీ. "పప్పు మాడింది. ఏం చెయ్యను?"

"పైది తీసి వేరే గిన్నెలో పొయ్యండి. అడుగు గీకొద్దు."

వెనక నుంచి ఎవరో నవ్వడం, మా అత్తయ్య "ఇలా తే గరిట" అనడం వినబడ్డాయి. పెట్టేశాను. ఎవరూ చచ్చిపోలేదు. అన్నం తిన్నారు, కొంచెం ఆలస్యంగా.

సాయంత్రం ఇల్లు చేరేసరికి చుట్టాలు వెళ్ళిపోయారు. సింకు నిండా గిన్నెలు. నాకోసం ఉంచారన్నమాట. అత్తయ్య మంచం మీంచే, "నీ ఆకు ఆరిందా?" అంది. వెటకారమో, నిజంగానే అడిగిందో ఈ రోజుకీ తెలీదు. "ఆరింది అత్తయ్యా, చక్కగా" అన్నాను. గిన్నెలు మావారికి చూపించి వెళ్ళి పడుకున్నాను. పొద్దున చూస్తే సగం కడిగున్నాయి. సగమే.

సోమవారం ఇంజనీరు వచ్చేసరికి బల్ల మీద మూడూ పరిచి ఉంచాను. పదకొండేళ్ళ షీటు, అసలైన ముడతాకు షీటు, నా కొత్త మొక్క. సార్ మాట్లాడబోయి, ఏమనుకున్నారో, "నువ్వే చెప్పమ్మా" అన్నారు.

చెప్పాను. ఆకు చూపించాను. తొడిమ పక్కన స్కేలు పెట్టి చూపించాను. భూతద్దం ఇంజనీరు చేతికే ఇచ్చి మూడు బొడిపెలూ లెక్కపెట్టించాను. అతను మొదట సార్‌ని చూస్తూ వింటున్నాడు, మధ్యలో ఎప్పుడో నన్ను చూస్తూ వినడం మొదలుపెట్టాడు. "అయితే మందు కొట్టకూడదంటారా?" అని నన్నే అడిగాడు.

"కొట్టకూడదు. నింపకూడదు కూడా" అన్నాను. "ఇది నీళ్ళలోనే బతుకుతుంది."

సార్ ఉత్తరం రాసి, స్టాంపు వేసి ఇచ్చారు. ఇంజనీరు మొహం మాడ్చుకుని, బళ్ళకి ఇంకో చోటు వెతకాలంటూ గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఇక పాత షీటు మిగిలింది. మా గదిలో ఒక పద్ధతి ఉంది. పేరు తప్పని తేలినా పాత చీటీ చింపకూడదు, కొట్టెయ్యకూడదు. దాన్ని కప్పకుండా, దానికి ఎగువన కొత్త చీటీ అంటించాలి. సరైన పేరు, మార్చడానికి కారణం, గుర్తుపట్టినవారు, తేదీ. తప్పు కూడా షీటు మీద ఉండాలి, వందేళ్ళ తర్వాత చూసేవాళ్ళకి ఏం జరిగిందో తెలియాలి. ఇది నేను చేరిన కొత్తలో సార్ చెప్పిన మొదటి పాఠం.

సార్ ఖాళీ చీటీ ఒకటి తీసి, పెన్ను మూత విప్పారు. తర్వాత ఆగి, చీటీనీ పెన్నునీ నా వైపు జరిపారు. "నువ్వే రాయి. నేను సంతకం పెడతాను."

కూర్చున్నాను. ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. పేరు రాశాను: నీటిచుక్క, ఈ నేలకి పుట్టినది. కారణం దగ్గర ఇలా రాశాను: "మూడు బొడిపెలు సమానం, తొడిమ కాయకి నాలుగింతలు, కింద కణుపుల్లో రెమ్మలు. ఆకు అంచు ముడతలు మొక్కవి కావు. చట్రంలో ఉన్న రెండు రోజులు కాగితాలు మార్చలేదు. కాగితాలు మార్చే మనిషి ఆ రెండు రోజులూ ఇంట్లో పద్నాలుగు మందికి వండుతోంది. ఈ గదిలో అప్పుడు ఇంకొకరు ఉన్నారు." గుర్తుపట్టినవారు అన్నచోట నా పేరు రాశాను. ఇంటిపేరుతో సహా కాదు. మా అమ్మ పిలిచిన పేరు, అంతే. తేదీ వేశాను.

సార్ తీసుకుని చదివారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివారు. "ఇదేమిటమ్మా? ఇలాంటివి చీటీ మీద రాస్తారా ఎక్కడైనా?"

"కారణం రాయాలి కదా సార్. తప్పు కూడా షీటు మీద ఉండాలని మీరే చెప్పారు."

చీటీ చింపుతారేమోనని చూశాను. చింపలేదు. సంతకం కోసం చోటు వెతికి, నా పేరు దాన్ని ఆక్రమించిందని గమనించి, పెన్ను మూత పెట్టేశారు. పద్దెనిమిదేళ్ళ అలవాటు కొద్దీ చీటీని నా వైపు చాపారు, అంటించమని.

నేను తీసుకోలేదు. జిగురు సీసా మూత తీసి, కుంచె అందులో ముంచి, సీసాని ఆయన ముందుకి జరిపాను.

"మీరు అంటించండి సార్" అన్నాను. "ముడత పడకుండా చూసుకోండి."